ఎన్నో రోజు?

దుమ్ముగూడెం దాటి చర్ల వైపు పోయే రోడ్డులో ఒక మలుపు ఉంది. దాన్ని మందుల మలుపు అంటారు. పగలు చూస్తే భయపడటానికి అక్కడ ఏమీ కనపడదు. ఒక పెంకుటిల్లు, ముందు అరుగు, తుప్పు పట్టిన బోర్డు, వెనక టేకు చెట్లు. బోర్డు మీద డాక్టర్ జయప్రకాశ్ అన్న పేరులో సగం అక్షరాలు రాలిపోయాయి. అరుగు మీద మేకలు పడుకుంటాయి.

చీకటి పడిందంటే మాత్రం ఆ మేకల్ని కూడా ఎవరూ అక్కడ ఉండనివ్వరు.

డాక్టరు గారు పోయి రెండేళ్లు. దవాఖానా మూతపడి అంతకుముందే పదేళ్లు. తలుపుకి తాళం, కరెంటు ఎప్పుడో పీకేశారు. అయినా పొద్దుగూకాక లోపల దీపం వెలుగుతుంది... కాగితాలు తిప్పిన చప్పుడు వినిపిస్తుంది... ఎవరైనా అరుగు దాకా వెళ్లారో, లోపల్నుంచి ఒక గొంతు మెల్లగా అడుగుతుంది —

"ఎన్నో రోజు?"

అంతే. ఇంకో మాట ఉండదు. దానికి జవాబు చెబితే మూడో నాటికి జ్వరం పట్టుకుని తీసుకుపోతుందట. అలా పోయినవాళ్లెవరో చెప్పండి అంటే మాత్రం ఒక్కడూ పేరు చెప్పలేడు. "మా బావమరిది వాళ్ల ఊళ్లో" అంటాడు. దయ్యాలన్నీ ఎప్పుడూ బావమరిది వాళ్ల ఊళ్లోనే తిరుగుతాయి కదా! అలా వేళాకోళం చేసినవాడు కూడా రాత్రిపూట ఆ మలుపులో బండి ఆపడు, అది వేరే సంగతి.

ఆ గొంతు ఎవరిదో కూడా ఊరే తేల్చేసింది. హేమ్లిది. పిల్లల నెత్తురు తీసిందని తండా వెళ్లగొడితే, ఇరవై ఏడేళ్ల కిందట ఆ అరుగు మీదే ప్రాణం విడిచిన మనిషి.

సువర్ణ ఆ హేమ్లి కొడుకు కూతురు. మొన్న జూలైలో ఒక శనివారం, సన్నగా వాన పడుతుండగా, రాత్రి ఎనిమిదింటికి తమ్ముడు శ్రీధర్ ఆటోలో ఆ మలుపుకే బయల్దేరింది. ఆమె సంచిలో ఆ ఇంటి తాళంచెవి ఉంది.

ఎందుకు వెళ్లాల్సి వచ్చిందంటే —

ఖమ్మంలో ఏజెన్సీ వైద్యుల సంఘం ఆఫీసులో ఆమె ఉద్యోగం. జయప్రకాశ్ గారు ఒకప్పుడు ఆ సంఘానికి అధ్యక్షుడు. ఆయన పోయాక కూతురు ప్రసూన ఆయన కాగితాలన్నీ ఏడు ట్రంకు పెట్టెల్లో తెచ్చి, భద్రంగా దాచమని సంఘానికి అప్పగించింది. వాటి దుమ్ము దులిపి, ఏ సంవత్సరానివి ఆ సంవత్సరానికి కట్టలు కట్టి, జాబితా రాయడం సువర్ణ పని. ఆ మహానుభావుడు ఒక్క చీటీ కూడా పారేసిన మనిషి కాదు. సమావేశాల మినిట్సు, ఉపన్యాసాలు, అర్జీలు సరే... శుభలేఖలు, బస్సు టికెట్లు కూడా దాచాడు. సువర్ణ ఆయన్ని తిట్టుకుంటూనే అన్నీ రాసేది.

ఆ శనివారం పొద్దున, ఆయన అధ్యక్షుడిగా ఉన్న ఏటి డైరీలో ఒక పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

'హేమ్లి విషయంలో నిజమంతా రాసిపెట్టాను. పంపే ధైర్యం లేకపోయింది. దుమ్ముగూడెం బీరువాలో, సర్వే కట్టలో ఉంచాను.'

ఏడు పెట్టెల్లోనూ సర్వే కట్ట లేదు. ఫోన్ చేస్తే ప్రసూన, "ఆ బీరువా ఒక్కటీ తేలేదమ్మా, చెదలు పట్టిందన్నారు" అని మనిషి చేత తాళంచెవి పంపింది. అది చేతికొచ్చిన గంటలోనే శ్రీధర్ ఫోన్.

"అక్కా... రేపు పొద్దుగాల పంచాయితీ పెడుతున్నరు. యాడిని తండాల కెళ్లి ఎల్లగొడతరట."

వాళ్లమ్మని వాళ్లు యాడి అనే పిలుస్తారు. పేరు కమ్లి. తండాలో ఆశా వర్కరు. ఎవరికి జ్వరం వచ్చినా ఎడమ చేతి ఉంగరపు వేలు మీద సూదితో పొడిచి, ఒక్క చుక్క నెత్తురు తీసి, మలేరియా ఉందో లేదో చూసేది ఆమే. పోయిన వారం తండాలోనే రాంబాబు కొడుకు జ్వరంతో చనిపోయాడు. వాడి వేలికి కూడా కమ్లి పొడిచింది. పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మని కాళ్లావేళ్లా పడింది. రెండు రోజులు ఆలస్యం చేశారు. ఇప్పుడు తండా పెద్ద రాందాస్ మనవడికి మూడు రోజులుగా జ్వరం. ఆయన కమ్లిని గడప తొక్కనివ్వడం లేదు.

అప్పుడు అత్త తీసింది, ఇప్పుడు కోడలు తీస్తోంది... అని మొదలైంది మాట. పాత సంగతులన్నీ పైకి తేలాయి. హేమ్లి రాత్రిపూట ఇంటింటికీ తిరిగి పిల్లలందరి నెత్తురూ తీసింది. ఆ నెలలోనే నలుగురు పిల్లలు పోయారు. ఒక్క పసిదాన్ని మాత్రం ముట్టుకోలేదు — సొంత మనవరాలిని. ఆ పసిది సువర్ణే.

రేపు పంచాయితీలో మాట అటు తిరిగితే, సాయంత్రానికి కమ్లి మూట కట్టుకోవాలి. తెల్లారేలోపు ఆ కాగితం కావాలి.

మలుపు ఇంకా యాభై గజాలు ఉందనగానే ఆటో ఆగింది.

"ఈడ్నుంచి నడువు అక్కా. నేను లైట్ ఏస్త."

"ఏందిరా? అర్ధరాత్రి చర్ల దాంక కిరాయిలు తోల్తవ్, ఈడ భయమైతుందా?"

"అవ్, అయితది. ఆ గొంతు అడిగితే జవాబు చెప్పకు... జల్దీ రా."

"నాయనమ్మే ఉన్నదంటిరి కదరా. మనోళ్లకు మనమే భయపడతమా?"

"గా మాట లోపటికి పోయినంక అను."

సువర్ణ నడిచింది. చెప్పుల కింద బురద... టేకు ఆకుల మీద వాన చప్పుడు... అరుగెక్కేటప్పుడు ఎడమ మూల తొక్కకుండా పక్కగా ఎక్కింది. నాయనమ్మ ఆ మూలనే పడి ఉండేదని చిన్నప్పుడు విన్నది. తాళంచెవి తిప్పింది. అది చాలా సులువుగా తిరిగింది. అలా తిరగడం ఆమెకు నచ్చలేదు.

లోపల తడి కాగితం వాసన. ఫోన్ లైటు వేసి రెండడుగులు వేసిందో లేదో, చల్లగా ఏదో మొహానికి తగిలింది. లైటు పైకెత్తి చూస్తే — గది నిండా తాళ్లు. తాళ్ల మీద కాగితాలు, వందల కాగితాలు, ఉతికి ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి. గాలి లేదు... అయినా సన్నగా కదులుతున్నాయి.

ఇంతలో... టక్.

ఆగింది.

మళ్లీ... టక్... టక్...

గాజు గాజుల చప్పుడు కాదది. తండా ముసలమ్మలు మోచేతి దాకా వేసుకునే వెడల్పాటి తెల్ల గాజులు ఒకదానికొకటి తగిలితే వచ్చే చప్పుడు. నాయనమ్మ పోయాక సువర్ణ ఇంట్లో ఎవరూ అవి వేసుకోలేదు.

"ఎవరది?" అనబోయింది.

లోపలి గది తలుపు సందులోంచి పచ్చటి వెలుగు కనిపించింది. దీపం! ఒక కాగితం తిప్పిన చప్పుడు... ఇంకొకటి... తర్వాత ఏమీ లేదు. లోపల ఎవరో చదవడం ఆపేసి, తల ఎత్తి వింటున్నట్టు అనిపించింది.

"ఎన్నో రోజు?"

సువర్ణ వెనక్కి అడుగు వేయబోయి తూలింది. పడిపోకుండా వెనక్కి ఎడమ చెయ్యి చాపి బల్లను పట్టుకుంది. ఉంగరపు వేలికి చురుక్కున ఏదో గుచ్చుకుంది. ఫోన్ జారి కింద పడి ఆరిపోయింది.

పారిపోవచ్చు. తలుపు తెరిచే ఉంది, యాభై గజాల్లో తమ్ముడున్నాడు. పారిపోతే రేపు యాడి ఎక్కడికి పోతుంది? ఈ అరుగు మీదికేనా?

ఆ ఆలోచనకి సువర్ణకి భయం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది. ఆ ఏడుపుతోనే జవాబు చెప్పేసింది.

"మూ... మూడో రోజు."

లోపల కుర్చీ జరిగింది.

"ఎవరికి?"

"రాందాస్ కాకా మనవడికి..."

"వణుకుడు జ్వరమా?"

"అవ్... దినం తప్పి దినం వణుకుతున్నడట."

"మూడో రోజు పెట్టుకుని ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావమ్మా? నెత్తురు పరీక్ష చేశారా లేదా? బుద్ధుందా మీకు!"

దయ్యాలకు కోపం వస్తుందేమో గానీ, ఇలాంటి కోపం రాదు. తలుపు కిర్రుమంది. ముందు లాంతరు వచ్చింది, దాని వెనక తలకి తువ్వాలు చుట్టుకున్న ముసలాయన వచ్చాడు. ముక్కు మీద మందపాటి కళ్లద్దాలు. లాంతరు ఆమె మొహం దగ్గరికి తెచ్చి కళ్లు చికిలించి చూశాడు.

కాంపౌండర్ చెంచురామయ్య! చిన్నప్పుడు ఈయన చేతి సూదిమందుకు ఏడవని పిల్ల ఆ చుట్టుపక్కల లేదు.

"తాతా... నువ్వా? నువ్వు ఈడ ఏం చేస్తున్నవ్?"

"కప్పు కారుతోందమ్మా. డాక్టరు గారి కాగితాలు తడిసి అట్టలు కట్టేస్తున్నాయి. ఆరేస్తున్నా. వెనక తలుపు తాళం నా దగ్గరే ఉంది."

"పగటీలి చెయ్యొచ్చు కదా!"

"పగలు మా ఆవిడ రాఘవమ్మ ఊరుకోదు. పోయినాయన కాగితాలు నీకెందుకని గోల. అది సీరియల్ ముందు కూర్చోగానే ఇలా వచ్చేస్తా."

"మరి గట్ల అడుగుడేంది... ఎన్నో రోజు అని?"

ఆయనకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నలభై ఏళ్లు ఈ గుమ్మంలో అదే అడిగాను. అరుగు మీద అడుగు చప్పుడైతే నోరు ఊరుకోదు. ఈ మధ్య ఎవరొచ్చినా జవాబు చెప్పకుండా వెళ్లిపోతున్నారు. మందుల్లేవని తెలిసి పోతున్నారనుకున్నా."

సువర్ణకి నవ్వొచ్చింది. ఇంత పెద్ద దయ్యం, ఇంట్లో పెళ్లానికి భయపడి వచ్చిన దయ్యం! ఆ నవ్వు మధ్యలోనే ఆగింది.

"లోపట ఇంకెవరన్న ఉన్నరా తాతా?"

"ఎవరుంటారు? నేనొక్కణ్ణే. ఇంతకీ ఎవరి అమ్మాయివి?"

"హేమ్లి మనవరాలిని."

ముసలాయన బల్ల మీద మెల్లగా కూలబడ్డాడు. సువర్ణ వచ్చిన పని చెప్పింది. డైరీలో మాట చెప్పింది, రేపటి పంచాయితీ చెప్పింది. ఆయన తలెత్తకుండా విన్నాడు.

"ఆ ఏడు డాక్టరు గారు అధ్యక్షుడయ్యాడు" అన్నాడు చివరికి. "సంఘం తరఫున బోదకాలు సర్వే మొదలుపెట్టాడు. ఆ పురుగు పగలంతా లోపల దాక్కుంటుంది తల్లీ, రాత్రయితేనే నెత్తుట్లోకి వస్తుంది. అందుకని రాత్రిపూటే తీయాలి. హేమ్లి చేతిలో అయితే పిల్లలు ఏడ్చేవాళ్లు కాదు. అందుకని ఆవిడకి నేర్పాం. రాయడం రాదు కదా... ఎవరికి తీస్తే వాళ్ల వేలే పేరు పక్కన గడిలో అద్దించేది."

"తర్వాత?"

"తర్వాత వానలు, మలేరియా. నలుగురు పిల్లలు పోయారు. నెత్తురు తాగిందన్నారు. డాక్టరు గారు సంఘం మహాసభకని హైదరాబాదులో ఉన్నాడు. ఆయనొచ్చి చెబితే నమ్ముతారని ఈ అరుగు మీద కూర్చుంది. నేను వెళ్లి చెప్పొచ్చు. వెళ్లలేదు. నన్నూ కొడతారని భయమేసింది."

ఆయన కళ్లద్దాలు తీశాడు.

"వానలో తడిసి జ్వరం తెచ్చుకుంది. మందులిచ్చాను, మింగలేదు. డాక్టరొచ్చి తండాలో చెప్పాకే మింగుతానంది. ఎన్నో రోజమ్మా అని పొద్దున్నే అడిగేవాణ్ణి. ఒకటి అంది. రెండు అంది. మూడో రోజు అడిగితే జవాబు చెప్పలేదు."

సువర్ణకి ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ముసలాయన చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే ఆ కోపాన్ని ఏం చేయాలో తెలియలేదు.

లోపలి గదిలో చివరి తాడు మీద ఉంది ఆ కట్ట. సంఘం లెటర్‌హెడ్డు మీద, అధ్యక్షుడి ముద్రతో, పంపని ఉత్తరం. 'రాత్రిపూట నెత్తురు తీయమని హేమ్లికి చెప్పింది నేను. ఎందుకు తీస్తున్నామో తండాలో కూర్చుని చెప్పాల్సింది కూడా నేనే, చెప్పలేదు. నలుగురు పిల్లలు పోయింది మలేరియాతో. వాళ్ల పరీక్షల వివరాలు ఈ కింద ఇస్తున్నాను...'

దాని కింద సర్వే జాబితా. అరవై మూడు పేర్లు. పేరు పేరుకీ పక్కన గడిలో ఎండిపోయిన గోధుమరంగు వేలి గుర్తు. చివరి వరుస — 'కమ్లి బిడ్డ, ఎనిమిది నెలలు'. ఆ గడి ఖాళీ.

"ఇదే... ఇదే కదా వాళ్లు అంటున్నది" అంది సువర్ణ.

"ఆవిడ తీస్తానందమ్మా! మా ఇంట్లో తీయకపోతే తండా ఏమంటుందని డాక్టరు గారితో పోట్లాడింది. ఏడాది నిండని పిల్లలకి వద్దని ఆయనే ఆపాడు. ఇక్కడే, నా ఎదురుగా."

"అది రాసిండా ఉత్తరంల?"

రాయలేదు. రెండుసార్లు చదివారు. ఎక్కడా లేదు.

"నేనొచ్చి చెబుతా" అని ముసలాయన లేచాడు. లాంతరు వెలుగులో ఆమె వేలు చూసి, "ఏమైంది?" అన్నాడు.

"ఏదో గుండుసూది గుచ్చుకున్నది."

"గుండుసూదా? తుప్పు మరకలు పడతాయని ఈ కాగితాలకున్న పిన్నులన్నీ ఎప్పుడో పీకేశానే..." అంటూ కట్టని పాలిథిన్ సంచిలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

చీకట్లో లాంతరు తమ వైపు నడిచి రావడం చూసి శ్రీధర్ ఆటో స్టార్ట్ చేశాడు. సువర్ణ పేరు పెట్టి తిట్టాక గానీ ఆపలేదు.

తండాలో ముందు రాందాస్ ఇంటికి వెళ్లారు. ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. చెంచురామయ్య లాంతరు పైకెత్తి ఒక్క మాటే అడిగాడు.

"ఎన్నో రోజు?"

ఆ మలుపు గొంతు తన గుమ్మంలో వినపడేసరికి అంత మనిషీ తడబడ్డాడు. తర్వాత ముసలాయన్ని పోల్చుకున్నాడు. చిన్నప్పుడు తనకీ, తర్వాత తన పిల్లలకీ సూదిమందు వేసిన చెయ్యి కాదంటే ఎలా? పది నిమిషాల్లో పిల్లాడు, తల్లిదండ్రులు శ్రీధర్ ఆటోలో భద్రాచలం దారి పట్టారు. ఆ రాత్రి చెంచురామయ్య కమ్లి ఇంట్లో పడుకున్నాడు. కట్ట ఆయన తల కిందే ఉంది. సువర్ణ కన్ను మూయలేదు.

తెల్లారేసరికి శ్రీధర్ నుంచి కమ్లికి ఫోన్ వచ్చింది. మలేరియానే. మందు పడింది, పిల్లాడు కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

పంచాయితీలో వేప చెట్టు కింద సువర్ణ ఉత్తరం చదివింది. చెంచురామయ్య లేచి, అందరి ముందూ, "నేను పిరికివాణ్ణి" అని చెప్పుకున్నాడు. ముసలి ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. కమ్లి ఒక పక్కన తలొంచుకుని కూర్చుంది.

రాంబాబు మాత్రం లేచాడు. వారం కిందట కొడుకుని పూడ్చిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అంతా మంచిగనే రాసిండు డాక్టరు. మరి అందరి పిల్లలకు తీసి, తన మనవరాలికి ఎందుకు తీయలే? గది చెప్పుండ్రి."

"డాక్టరు గారు వద్దన్నారయ్యా" అన్నాడు చెంచురామయ్య.

"కాగితంల ఏడుంది?"

కమ్లి మొదటిసారి తలెత్తింది. "నా అత్త మంచిది రాంబాబూ... నాకు గంతే ఎరుక" అంది. అంతకంటే ఆ మనిషి దగ్గర సాక్ష్యం లేదు. రాంబాబు వెనక ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు.

రాందాస్ చెయ్యి చాపి జాబితా తీసుకున్నాడు. పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ కిందికి వచ్చాడు. తన కొడుకు పేరు దగ్గర ఆగాడు... ఇంకా కిందికి వచ్చాడు... చివరి వరుస దగ్గర కళ్లు దగ్గరికి పెట్టి చూశాడు.

"తీసింది కదరా" అన్నాడు.

కాగితం రాంబాబుకి ఇచ్చాడు. రాంబాబు చూశాడు. చాలాసేపు చూశాడు. కాగితం మడిచి కమ్లి ఒళ్లో పెట్టి, ఆమె కాళ్ల దగ్గర కూలబడి, కొడుకు పోయిన్నాటి నుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. కమ్లి అతని తల మీద చెయ్యి వేసింది.

సువర్ణ కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి అమ్మ ఒళ్లోంచి జాబితా తీసుకుంది. చెంచురామయ్య ఆమె భుజం మీదుగా చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చివరి గడి ఖాళీగా లేదు. ఒక వేలి గుర్తు ఉంది.

రాత్రి గుచ్చుకున్న తన వేలే తగిలి ఉంటుందనుకుంది. ఆ ఉంగరపు వేలిని మెల్లగా ఆ గుర్తు పక్కన పెట్టి చూసుకుంది. సరిపోలేదు. గుర్తు చాలా చిన్నది... పసిబిడ్డ వేలంత. మిగతా అరవై రెండూ గోధుమరంగులో ఎండిపోయి ఉన్నాయి. అది మాత్రం ఇంకా ఎర్రగా, తడిగా ఉంది.